తోకలో ఆంజనేయుడు

మా ఆయన లక్ష్మీపతికి చిప్ డిజైన్ ఉద్యోగం పోయింది. టీమ్ మొత్తాన్నీ తీసేశారు. వీసా గడువులోగా ఇంకోటి దొరక్కపోతే ఈ చాండ్లర్ ఊళ్ళో కాపురం ఎత్తేసి దేశం వదిలి వెళ్ళాలి. ఈయనేమో పొద్దస్తమానం గ్యారేజీలో కూర్చుని స్పిట్‌ఫైర్ చేస్తున్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్‌వాళ్ళు నడిపిన ఫైటర్ విమానానికి కర్ర నమూనా అది. రిమోట్‌తో నిజంగానే ఎగరాలి. దానికోసం కారు బయట ఎండలో మాడుతోంది.

“అప్లై చేశారా?” అని రోజూ అడిగేదాన్ని.

“ఇది ఎగరనీ ఉమా. తర్వాత చేస్తాను.”

ఆయనకు చెలగాటం, నాకు ప్రాణసంకటం. వంటింట్లో నిలవలేను, హాల్లో కూర్చోలేను. పది నిమిషాలకోసారి గ్యారేజీ తలుపు తీసేదాన్ని. ఓ రోజు ఒళ్ళు మండి, “ఒక రెక్కకి ఇన్నాళ్ళా?” అన్నాను.

“అసలు విమానంలో రెక్క పల్చగా ఉండాలి, అందులోనే తుపాకులు పట్టాలి, చక్రాలు మడవాలి. అందుకే అంచులు గుండ్రంగా తిప్పారు. లోపలి బద్దల్లో ఒకదాని సైజు ఇంకోదానికి కలవదు. అన్నీ విడివిడిగా కోయాలి,” అన్నారు తల ఎత్తకుండా. ఆఫీస్ గురించి మాత్రం ఒక్క ముక్క చెప్పేవారు కాదు. “నాదే ఎక్కడో తప్పయి ఉంటుంది,” అనేవారు, అంతే.

ఎగరేసే రోజు రానే వచ్చింది. ఇది కూలిందంటే మనిషి ఇక లేవడని నా భయం. ఆయన స్నానానికి వెళ్ళగానే పూజగదిలోని ఇత్తడి ఆంజనేయస్వామిని దూదిలో చుట్టి, విమానం తోక కింద చిన్న మూత ఉంటే అందులో పెట్టి టేప్ వేశాను. స్వామి బలమంతా తోకలోనే కదా అనుకున్నాను.

ఊరి బయట మోడల్ విమానాల గ్రౌండ్‌కి డ్రైవ్ చేశాం. ఎగరేసేముందు ఆయన రెక్కల కింద రెండు చూపుడువేళ్ళు పెట్టి విమానాన్ని పైకెత్తారు. ముక్కు కాస్త కిందికి వాలాలట. తోక దబ్బున వాలింది. మళ్ళీ ఎత్తారు, మళ్ళీ అంతే.

“నిన్న సరిగ్గానే ఉంది,” అన్నారు. మొహం పాలిపోయింది. “స్పిట్‌ఫైర్‌కి ముక్కు పొట్టి. తోకలో తులం పెరిగితే ముక్కులో మూడు నాలుగు తులాల సీసం పెట్టాలి. ఎక్కడ లెక్క తప్పానో తెలీట్లేదు.” విమానాన్ని కింద పెట్టేశారు. “ఇదీ చేతకాలేదు ఉమా. పద, ఇంటికెళ్దాం.”

కారు డిక్కీ తెరిచారు. నేను డిక్కీకి అడ్డం వెళ్ళాను.

“నేనే పెట్టానండీ,” అన్నాను.

“ఏం పెట్టావు?”

“తోకలో. ఆంజనేయస్వామిని.”

తిడతారనుకున్నాను. తిడితే బాగుండేది కూడా. ఆయన మూత తీసి, దూది విప్పి, బొమ్మను అరచేతిలో పెట్టుకుని బరువు చూశారు.

“అయితే నా లెక్క తప్పలేదన్నమాట,” అన్నారు.

అప్పుడు నాకు సిగ్గేసింది. అప్లై చేశారా అని రోజూ పీక్కుతిన్నాను గానీ, ఆ మనిషి వినాల్సిన మాట ఇంకొకటి ఉందని నాకు తట్టనేలేదు.

“ఉద్యోగం పోయిందీ మీ లెక్క తప్పి కాదండీ,” అన్నాను.

ఆయన విమానం ముక్కులోంచి సీసం ముక్క ఒకటి తీసి, ఆ చోట స్వామిని కూర్చోబెట్టి స్క్రూలు బిగించారు. మళ్ళీ వేళ్ళమీద ఎత్తితే ముక్కు కొంచెంగా వాలింది.

విమానం లేచింది. రెండు చుట్లు తిరిగి దిగేటప్పుడు, ఆ ఇరుకు చక్రాల మీద నిలవలేక ఒక పక్కకు ఒరిగి ప్రొపెల్లర్ విరగ్గొట్టుకుంది. నేను పరుగెత్తబోయాను.

“కంగారుపడకు,” అన్నారాయన నా చెయ్యి పట్టుకుని. “అసలుదీ అంతే. కాళ్ళు దగ్గరదగ్గరగా పెట్టారు. అది డిజైన్‌లోనే ఉంది.”

ఇంటికి కారు నన్ను నడపమన్నారు. పక్కసీట్లో కూర్చుని, దారి పొడుగునా, టీమ్‌ని తీసేసిన రోజు ఏం జరిగిందో మొదటిసారి చెబుతూనే ఉన్నారు.