అక్క గురించి ఒకటిన్నర పేజీ

పిచ్చుకకు సీటు రావాలంటే మార్కులొక్కటే చాలవని ఆ పిల్ల తల్లికి మొదట చెప్పింది తోడికోడలు. పేరున్న కాలేజీలు దరఖాస్తుతో పాటు పిల్లల చేత తమ జీవితం గురించి ఒక వ్యాసం రాయించుకుంటాయట. అది ఎలా రాయాలో చెప్పడానికి ఒక కన్సల్టెంట్ మేడమ్ ఉందట.

"ఆవిడ చెయ్యి పడితే చాలక్కా. మీ పిచ్చుకకి అసలే నోట్లో నాలుక లేదు. దాని మానాన దాన్ని వదిలేస్తే ఏం రాస్తుంది?" అంది ఫోన్లో.

పిచ్చుక అసలు పేరు కాదు. చిన్నప్పుడు రెండు ముద్దలు తిని లేచిపోయేదని వాళ్ల నాన్న పెట్టిన పేరు. ఇప్పుడు పదిహేడేళ్లు. ఫార్మసీ చదువుతానంటోంది. ఎందుకని ఎవరూ అడగలేదు.

తల్లి ఆస్పత్రి బట్టల గదిలో పని చేస్తుంది. చిరిగిన దుప్పట్లకు మాసికలు వేయడం, దిండు గలేబులు కుట్టడం, ప్రతిదాని మూలన వార్డు నంబరు ముద్ర కొట్టడం. ఒకరోజు మధ్యాహ్నం సెలవు పెట్టి కూతుర్ని మేడమ్ దగ్గరికి తీసుకెళ్లింది.

జిరాక్స్ షాపు పైన చిన్న గది. గోడ నిండా సీట్లు వచ్చిన పిల్లల ఫొటోలు. మేడమ్ మెత్తని మనిషి. కుర్చీలు తనే జరిపి, ఇద్దరికీ మంచినీళ్లు ఇచ్చింది. మార్కుల జాబితా చూసి తలాడించింది.

"మార్కులు బావున్నాయి. ఇలాంటివి చాలామందికి ఉంటాయి. నీ జీవితంలో ఏం జరిగిందో చెప్పు తల్లీ."

"ఏం జరగలేదు," అంది పిచ్చుక.

"ఆటలు? పోటీలు? ఎవరికైనా సాయం చేశావా?"

పిచ్చుక తల్లి వైపు చూసింది. ఏదో ఒకటి అనాలని తల్లే అంది. "దానికో అక్క ఉండేదండీ. ఆరేళ్లయింది పోయి. జ్వరంతో, నాలుగు రోజుల్లో."

మేడమ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. "అయ్యో," అంది. ఆ అయ్యో నిజమైనదే. తర్వాత కళ్లజోడు పెట్టుకుని కొత్త కాగితం తీసింది.

పిచ్చుక వారంలో రాసి తెచ్చింది. అరపేజీ కూడా లేదు. 'మా అక్కకు జ్వరం వచ్చింది. ఆస్పత్రికి తీసుకెళ్లారు. నన్ను పిన్ని ఇంట్లో ఉంచారు. అక్క తిరిగి రాలేదు. నాకు ఏడుపు రాలేదు. తర్వాత కూడా రాలేదు. మందుల గురించి చదవాలని ఉంది.'

మేడమ్ రెండుసార్లు చదివింది.

"ఇది చదివినవాళ్లకి నువ్వు రాతిగుండె దానివనిపిస్తుందమ్మా. ఆస్పత్రిలో అక్క పక్కన నువ్వున్నావనుకుందాం. తను నీ చెయ్యి పట్టుకుంది. ఏదో అంది."

"నేను లేనండీ అక్కడ."

"తెలుసు. ఉండాల్సింది కదా?"

తల్లి గొంతు సవరించుకుంది. "అబద్ధం కదండీ అది?"

మేడమ్‌కు కోపం రాలేదు. ఆ ప్రశ్న ఆవిడకు అలవాటే. "పదేళ్లుగా డబ్బున్నవాళ్ల పిల్లలకి ఇదే పని చేస్తున్నానమ్మా. ఏ కష్టం ఎరగని వాళ్లకి కష్టాలు కల్పించి మరీ రాయిస్తాను. మీకు నిజంగానే కష్టం వచ్చింది. దాన్ని కాస్త సర్దుతున్నాం, అంతే. వాళ్లకి లేని తప్పు మీకెందుకు?"

తల్లికి అది తప్పనిపించలేదు. ఒప్పనీ అనిపించలేదు. కిటికీ పరదా అంచు కుట్టు ఊడి వేలాడుతోంది. మిగతా సేపంతా దాన్నే చూస్తూ కూర్చుంది.

అక్క గురించి ఒకటిన్నర పేజీ తయారైంది. అందులో పెద్దది చెల్లెలి చెయ్యి గట్టిగా పట్టుకుని, 'నాలాంటి వాళ్ల కోసం నువ్వు మందు కనిపెట్టాలి' అంది. తెల్లవారేసరికి ఆ పట్టు వదులైంది. ఇంటర్వ్యూలో అడిగితే తడబడకూడదని మేడమ్ రెండు ఆదివారాలు పిచ్చుక చేత పైకి చెప్పించింది.

"పట్టు వదులైంది అన్నాక ఒక్క క్షణం ఆగు. నేల వైపు చూడు. ఆ, ఇప్పుడు చెప్పు."

పిచ్చుక ఆగింది. నేల వైపు చూసింది. చెప్పింది. బాగా వచ్చిందంది మేడమ్.

ఇంట్లో ఆ కాగితం తండ్రి చదివాడు. ఆయన లిఫ్టులు బాగుచేసే మనిషి. వేళ్లకు గ్రీజు అంటుకుందని కాగితాన్ని అంచులతో పట్టుకున్నాడు.

"పెద్దది ఇలా మాట్లాడేది కాదే," అన్నాడు.

"కాదు," అంది భార్య.

"బావుందిలే," అని మడిచి ఇచ్చేశాడు.

మర్నాడు ఆవిడ బట్టల గదిలో రోజూలాగే మిషను తొక్కింది. పెద్దది పోయింది ఆ ఆస్పత్రిలోనే. అది పడుకున్న దుప్పటి కూడా ఎప్పుడో ఉతికాక మాసిక కోసం తన దగ్గరికే వచ్చి ఉంటుంది. ఏ దుప్పటో తెలీదు. వార్డు నంబరే ఉంటుంది కానీ మనిషి పేరుండదు.

ఇంటర్వ్యూకు పిలవలేదు. నేరుగా సీటు వచ్చింది. తోడికోడలు ఫోన్ చేసి, "చూశావా, నేను చెప్పలా!" అంది. మేడమ్ పిచ్చుక ఫొటో ఒకటి పంపమంది. పంపారు.

చేరే రోజున తల్లీకూతుళ్లు కాలేజీ ఆఫీసు గదిలో వరుసలో నిలబడ్డారు. గుమస్తా ఫైలు తెరిచి సర్టిఫికెట్లు సరిచూస్తుంటే, మధ్యలో ఆ ఒకటిన్నర పేజీ కనిపించింది.

"అది చదివారాండీ?" అని అడిగింది తల్లి.

"ఏది, వ్యాసమా?" గుమస్తా తలెత్తలేదు. "ఇద్దరికి సమానంగా మార్కులొస్తే అప్పుడు తీస్తారమ్మా. మీ అమ్మాయికి ఆ అవసరం రాలేదు. మార్కుల మీదే వచ్చింది."

"అయితే దాన్ని మాకు తిరిగి ఇచ్చేస్తారా?"

"ఫైల్లోది బయటికివ్వం. అయిదేళ్లు ఉంచాలి." ముద్ర కొట్టి రసీదు చేతిలో పెట్టాడు. "తర్వాతి వాళ్లు రండి."

"పోనీలే అమ్మా," అంది పిచ్చుక.

బయట ఎండగా ఉంది. హాస్టలుకు బకెట్టూ, తాళమూ కొన్నారు. తల్లి తిరిగి వెళ్లాల్సిన బస్సు ఇంకా రాలేదు. ఇద్దరూ బస్టాపు బల్ల మీద కూర్చున్నారు. మధ్యలో బకెట్టు.

"అమ్మా," అంది పిచ్చుక. "అక్క నాతో ఆఖరున ఏమందో తెలుసా?"

తల్లి తల తిప్పింది.

"ఆస్పత్రికి వెళ్లే రోజు పొద్దున. పడుకుని ఉంది. 'తలుపెయ్యవే, దోమలొస్తున్నాయి' అంది."

"వేశావా?"

"లేదు. స్కూలుకి టైమైపోయిందని పరిగెత్తాను."

బస్సు వచ్చింది. తల్లి లేచి చీర సర్దుకుంది. వేళకు తినమంది, తాళంచెవి పారేసుకోవద్దంది. పిచ్చుక సరేనంది. బస్సులో తల్లికి కిటికీ పక్కన సీటు దొరికింది. కూర్చుని బయటికి చూస్తే పిచ్చుక అప్పటికే బకెట్టు తీసుకుని రోడ్డు దాటుతోంది.