లోడు లేని మిషను

రాజుపాలెంలో మోటార్లకు వైండింగ్ చుట్టుకుని బతికే నన్ను రెండు బ్లాక్‌చెయిన్ల మధ్య మనిషిని చేసింది అమర్నాథ్. హైదరాబాదులో చదివి, గుంటూరులో కంపెనీ పెట్టి, మిరప రైతుల్ని బాగుచేస్తే గాని తిన్నది అరగదని తిరిగే ఇంజినీరు. నేను ఏడో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టినవాణ్ణి. చదువుకున్నవాళ్ళకు అలాంటివాడికి పాఠం చెప్పడమంటే మహా సరదా.

సంగతి ఇది. క్రోసూరు వైపు కోల్డ్ స్టోరేజీల వాళ్ళంతా కలిసి కంప్యూటర్లలో ఒక పుస్తకం పెట్టుకున్నారు, బ్లాక్‌చెయిన్ అంటే అదే. ఎవరి బస్తాలు ఎన్ని, ఎక్కడున్నాయి అన్నది అందులో ఉంటుంది. ఒకసారి రాస్తే కొట్టివేతలు లేవు. నరసరావుపేట వైపు వాళ్ళు అలాంటిదే ఇంకొకటి పెట్టుకున్నారు. అందరూ ఒకటే పెట్టుకోవచ్చు కదా అని అడిగాను.

"అప్పుడు వాళ్ళు వీళ్ళని నమ్మాల్సి వస్తుంది కదండీ" అన్నాడు అమర్నాథ్.

ఈ పుస్తకానికి ఆ పుస్తకం కనపడదు. క్రోసూరులో రైతు బస్తాలు తీస్తే అక్కడి రసీదుకు తాళం పడుతుంది. ఆ ముక్కను రుజువుతో సహా మోసుకెళ్ళి నరసరావుపేట పుస్తకానికి చూపిస్తే, అక్కడ కొత్త రసీదు పుడుతుంది. మోసుకెళ్ళే మిషను పేరు రిలేయరు. దాన్ని ఏ ఊళ్ళో పెట్టినా రెండో ఊరు ఒప్పుకోదు. అందుకని మధ్యలో ఉన్న రాజుపాలెం, రాజుపాలెంలో నా షాపు వెనక గది.

బిగించడానికి రెండు రోజులు పట్టింది. నల్లటి స్క్రీను, దాని మీద పరుగులు పెట్టే తెల్లక్షరాలు, ఒక ఇన్వర్టరు, రెండు నెట్ కనెక్షన్లు. పేజీ రాయించినప్పుడల్లా రుసుము కట్టాలి గనక రెండు పుస్తకాల్లోనూ రిలేయరుకు ఒక్కో ఖాతా. ఆ ఖాతాల తాళంచెవి ఇరవైనాలుగు ఇంగ్లీషు మాటలు. కాగితం మీద రాసిచ్చి, ఎవరికీ చూపించకండి అన్నాడు. నాకు ఇంగ్లీషు చదవడం రాదన్నాను. అతని మొహం ఎంత ప్రశాంతంగా మారిందో! అంతకంటే గట్టి తాళం ఏ కంపెనీ తయారు చేయలేదు మరి.

"ఇందులో ఎవరూ ఎవర్నీ నమ్మక్కర్లేదు మజీద్ గారూ. మిమ్మల్ని కూడా. మీరు అబద్ధం మోసుకెళ్తే అవతలి పుస్తకం ఇట్టే పట్టేస్తుంది."

నలభై ఏడేళ్ళ వయసులో ఇంత మర్యాదగా దొంగననిపించుకోవడం నాకదే మొదటిసారి.

చలికాలమంతా బాగానే నడిచింది. కరెంటు పోయి వచ్చినప్పుడల్లా మిషను లేచిందా లేదా చూడటం, ఎర్ర అక్షరాలొస్తే ఆపి మళ్ళీ వేయడం, అంతకు మించి పనిలేదు. మే నెలలో గుంటూరు మిర్చి యార్డుకు ఎండాకాలం సెలవులిచ్చారు. ఎక్కడి బస్తా అక్కడే ఆగిపోయింది. మోసుకెళ్ళడానికి ఒక్క రసీదు లేకపోయినా మిషను బుర్రుమంటూనే ఉంది. గది కుంపటిలా తయారైంది. నీళ్ళు లేని బోరులో మోటారు ఆడించకండిరా, కాలిపోతుంది అని ముప్పై ఏళ్ళుగా రైతులకు చెప్తున్నవాణ్ణి. ఆ తెలివితోనే స్విచ్చు కట్టేశాను. పందొమ్మిది రోజులు దానికి విశ్రాంతి. యార్డు తెరుస్తారనగా మళ్ళీ వేస్తే చక్కగా లేచింది. నా మిషన్ల జ్ఞానానికి నేనే మురిసిపోయాను.

జూన్‌లో మొదటి లోడు కృపామణిది. క్రోసూరు దగ్గర కౌలుకు మిరప వేస్తుంది. బేరగాడు నరసరావుపేటలోనే సరుకు చూస్తానంటే, పొద్దున్నే క్రోసూరులో రసీదుకు తాళం వేయించి, నలభై బస్తాలు బొలేరోలో వేసుకుని బయల్దేరింది. పన్నెండింటికి ఫోన్ చేసింది.

"మజీదన్నా, ఈళ్ళు గేటు తీయట్లేదు. నా బస్తాలు ఈళ్ళ పుస్తకంలో లేవంట. ఎనక్కి పోదామంటే క్రోసూరోళ్ళు మా పుస్తకంలోనూ లేవంటున్నారు. ఏందన్నా ఇది? మబ్బు పట్టింది, బస్తాల మీద కప్పిన పట్టా చూస్తే అన్నీ బొక్కలే."

స్క్రీను చూశాను. నిండా ఎరుపు. అమర్నాథ్‌కు ఫోన్ కొట్టాను.

"మధ్యలో మిషను ఆపారా?"

"లోడు లేదుగా సారూ."

అప్పుడు చెప్పాడు అసలు సంగతి. పింఛను తీసుకునే ముసలివాళ్ళు ఏటా బతికే ఉన్నామని వేలిముద్ర వేస్తారు చూడండి, అలా ఈ పుస్తకాలకు కూడా ఒకదాని ఆనవాలు ఒకదానికి ఎప్పటికప్పుడు చూపిస్తూ ఉండాలట. ఆ పని కూడా రిలేయరుదేనట. క్రోసూరు పుస్తకం ఇరవై ఎనిమిది రోజులు ఓపిక పడుతుంది. నరసరావుపేట పుస్తకానికి పద్నాలుగే. ఆపైన నువ్వెవరో నాకు తెలియదంటుంది.

"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా?"

"డాక్యుమెంటేషన్‌లో ఉందండీ."

"ఏ భాషలో?"

దారులు రెండు అన్నాడు. నరసరావుపేట ఓనర్లు అయిదుగురిలో ముగ్గురు ఫోన్లో ఒప్పుకుంటూ నొక్కితే పుస్తకాలు మళ్ళీ ఒకదాన్నొకటి గుర్తుపడతాయి, బస్తాలు లోపలికి పోతాయి. లేదంటే సాయంత్రం అయిదింటికి తాళం గడువు తీరి రసీదు దానంతటదే క్రోసూరుకు వెనక్కి పోతుంది. ఇద్దరు నొక్కేశారు, మూడోవాడు నాగభూషణరావు గారు నొక్కనంటున్నాడు. కృపామణి బండి ఆగింది ఆయన గేటు ముందే.

షాపు మా ఆవిడ మహమూదాకు అప్పగించి, బండి తీశాను.

కృపామణి లోడు పైన కూర్చుని, పట్టా బొక్కల మీద తన చీరలు పరిచి పట్టుకుని ఉంది. బేరగాడికి మర్యాదగా కనపడాలని తెచ్చుకున్న చీరలు.

"నన్ను చూస్తా నిలబడతావేందన్నా! లోపలికి పో."

నాగభూషణరావు గారు ఫ్యాను కింద ఫోను ముందు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఏంది మజీదూ, నొక్కమని ఒకటే పోరు. ఎందుకు చెడిందో మాత్రం రాయలేదు. సాంకేతిక కారణం అంట. సాంకేతికం అంటే ఏంది? క్రోసూరోళ్ళు ఏదో మెలిక పెట్టుంటారు."

"వాళ్ళు కాదండీ. నేనే ఆపాను."

"ఎందుకు?"

"లోడు లేదండీ."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. చివాట్లకు తయారయ్యాను.

"మరి లోడు లేకపోతే ఆపరా? రూములు ఖాళీ అయితే నేనూ కంప్రెసరు ఆపుతా. ఆ అమర్నాథుకు మిషనంటే తెలిస్తేగా!" అని కళ్ళజోడు కోసం లేచాడు.

అది దొరికేసరికి నాలుగూ నలభై. ఫోన్లో ఆ యాప్ అప్‌డేట్ అడిగింది. అప్‌డేట్ అయ్యాక పాస్‌వర్డ్ అడిగింది. అది గుమాస్తాకు తెలుసు, గుమాస్తా టీకి వెళ్ళాడు. వచ్చాడు. ఓటీపీ వచ్చింది. ఆ ఆరంకెలు ఆయన ఒక్కొక్కటే పైకి చదువుతుండగా మహమూదా ఫోన్.

"ఏందండీ, మీ మిషన్లో ఎరుపంతా పోయి పచ్చగా ఒక లైను పడింది! పని అయిపోయినట్టుంది, వచ్చేయండి."

టైము అయిదూ ఒకటి. రసీదు క్రోసూరుకు వెళ్ళిపోయింది. పందొమ్మిది రోజుల విశ్రాంతి ఊరికే పోలేదు, మిషను ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయలేదు. నాగభూషణరావు గారు అయిదూ నాలుక్కు నొక్కాడు. రెండు పుస్తకాలూ మళ్ళీ చుట్టాలయ్యాయి. మోసుకెళ్ళడానికి రసీదే లేదు. క్రోసూరు ఆఫీసువాళ్ళు మళ్ళీ పంపాలి, వాళ్ళు అయిదింటికే తాళం వేసుకుని వెళ్ళిపోయారు.

చినుకు మొదలైంది. గేటు దగ్గరికి పరిగెత్తి కృపామణికి చెప్పాను.

"అయితే ఇప్పుడు నా బస్తాలు ఏడున్నట్టు?"

"క్రోసూరులో."

"మరి నేను దేని మీద కూర్చున్నా?"

నా వెనకే గొడుగుతో వచ్చిన నాగభూషణరావు గారు గొంతు సవరించుకున్నాడు. "పుస్తకంలో లేని సరుకు లోపల పెడితే రేపు నన్ను దొంగంటారమ్మా."

"పెట్టకయ్యా! తడవనీ. తడిసిన కాయంతా తెచ్చి నీ గేటుకు అడ్డంగా ఆరబోస్తా. బేరగాళ్ళొచ్చి నీ స్టోరేజీలో సరుకు ఎంత బాగుంటదో చూసుకుంటారు."

గేటు తెరుచుకుంది. కోల్డ్ రూములోకి కాదు, పక్కనున్న రేకుల షెడ్డులోకి. హమాలీలు వెళ్ళిపోయారు గనక డ్రైవరూ నేనూ మోశాం. చివరి నాలుగు బస్తాలు దించేలోపు వాన గట్టిపడి తడిసి ముద్దయ్యాయి.

బస్తాలు కాపాడినందుకు ఎవరూ ఎవరికీ దణ్ణాలు పెట్టుకోలేదు. తెల్లారేసరికి ఈమె నలభైని నలభై అయిదు అంటుందేమోనని ఆయన వాచ్‌మన్‌ను కాపలా పెట్టాడు. ముప్పై అయిదు చేస్తాడేమోనని ఆమె బస్తాల మీదే పడుకుంది. ఇద్దరికీ నేను సాక్షినట. ఎవరూ నమ్మక్కర్లేని నన్ను ఇంటికి పోనివ్వలేదు.

పొద్దున తొమ్మిదిన్నరకు క్రోసూరు ఆఫీసు తెరిచి రసీదు మళ్ళీ పంపారు. పదకొండు సెకన్లలో నరసరావుపేట పుస్తకంలో పడింది. నలభై బస్తాలు, సరుకు భేషు. రాత్రి షెడ్డులో ఉన్నట్టు గాని, వాన కురిసినట్టు గాని అందులో ఎక్కడా లేదు. ముప్పై ఆరు బస్తాలు కోల్డ్ రూములోకి వెళ్ళాయి. అమర్నాథ్ గ్రూపులో మెసేజ్ పెట్టాడు: ఎవరి జోక్యమూ లేకుండా సిస్టమ్ తనంతట తానే కోలుకుంది, అందరికీ అభినందనలు. కింద ఓనర్లందరూ బొటనవేళ్ళు.

షెడ్డు ముందు ఎండలో కృపామణి పట్టా పరిచి, తడిసిన నాలుగు బస్తాలూ కుమ్మరించింది. నల్లబడిన కాయ ఒక పక్కకు, బాగున్నది ఒక పక్కకు తీస్తోంది. నల్లదే ఎక్కువగా ఉంది. ఆ మెసేజ్ చదివి వినిపించాను. తల ఎత్తలేదు.

"ఆ ఫోను జేబులో పెట్టి ఇట్టా వచ్చి కూర్చో. తొడిమలు ఊడిపోకుండా తీయాల."

కూర్చున్నాను. మధ్యాహ్నానికి చేతులు మండటం మొదలైంది.