జెరుషా చేతి రొట్టె

శనివారం సాయంత్రం ఆ వంటింట్లో ఎవరూ మాట్లాడకూడదు. లీల పెట్టిన నియమం అది. భర్త రూఫస్‌కి టీ కావాలన్నా గుమ్మం దగ్గర నిలబడి సైగ చెయ్యాల్సిందే.

మిగతా రోజుల్లో ఆ ఇంట్లో మాటలకూ కేకులకూ కొదవ లేదు. ఒంగోలు పక్క పల్లెటూళ్ళో కుక్కర్లో ఇసుక పోసి కేకు చేసిన మనిషి లీల. జర్మనీలో స్టుట్‌గార్ట్ అవతల ఎస్-బాన్ రైలు దారిలో ఉన్న ఈ చిన్న ఊరికొచ్చి, అద్దె ఇంట్లో ఓవెన్ చూసేసరికి ఇన్నాళ్ళూ దాచుకున్న సరదా అంతా బయటపెట్టింది. పై అంతస్తు జర్మన్ ముసలామె దగ్గర ప్లమ్ పళ్ళ కేకు నేర్చుకుని, కొన్నాళ్ళకు ఆమె చేసినదానికే వంకలు చెప్పింది. కానీ శనివారం పిండి వేరు. ఆ గిన్నె వేరు, ఆ అప్పడాల కర్ర వేరు. తలస్నానం చేసి, తడి జుట్టు మీద ముసుగేసుకుని, లోలోపల ప్రార్థించుకుంటూ గోధుమపిండి పిసుకుతుంది. ఈస్టు గానీ బేకింగ్ పౌడరు గానీ ఆ దరిదాపులకు రాకూడదు. ఆదివారం తెలుగువాళ్ళ సహవాసంలో ప్రభువు పేరున విరిచే రొట్టె అది. ఎంతమంది వచ్చినా ఒకటే రొట్టె.

ఆ శనివారం మాత్రం నియమం పెట్టిన మనిషే నోరు తెరిచింది.

"జెరూ, ఇలా రామ్మా."

జెరుషా వచ్చేసరికి తల్లి గిన్నెను పొట్టకు ఆనించుకుని ఎడమచేత్తో పిండి కెలుకుతోంది. కుడిచెయ్యి పక్కన వేలాడుతోంది. మోచేతి పైన వాచి, జాకెట్టు చెయ్యి బిగిసిపోయి ఉంది.

"ఒత్తడానికి బలం చాలట్లేదే. నువ్వు పిసుకు."

"నేనా? నాకింకా బాప్తిస్మం కాలేదు కదమ్మా, ముట్టుకోవచ్చా?"

"నా చెయ్యి లేవట్లేదని దేవుడికి తెలుసు. ఇంకెవరికీ తెలియక్కర్లేదు."

జెరుషా చేతులు కడుక్కుంది. తల్లి చేతి మాట ఒక్కటే ఎత్తింది. చంకలో గడ్డ మాట, రొమ్ములో గడ్డ మాట ఎత్తలేదు. వేసవి సెలవుల్లో జాకెట్టు హుక్కులు పెడుతుంటే జెరుషా వేళ్ళకు తగిలింది ఆ రొమ్ములో గడ్డ, చింతగింజలా గట్టిగా. "ఏదో గడ్డలే" అంది లీల. ఆకులు రాలే కాలానికి అది చింతగింజ కాదు.

లీల మాత్ర మింగదు, సూది వేయించుకోదు, ఆస్పత్రి గడప తొక్కదు. ఎందుకో సహవాసంలో అందరికీ తెలుసు. ఆ కథలో ఉన్న పిల్ల జెరుషాయే. నెలల పిల్లగా ఉన్నప్పుడు మెదడువాపు వచ్చి, ఒంగోలు ఆస్పత్రిలో ఇక ఇంటికి తీసుకెళ్ళమన్నారట. లీల పిల్లను తెచ్చి ఊళ్ళో ప్రార్థన మందిరంలో చాప మీద పడుకోబెట్టి మొక్కుకుంది. ఈ బిడ్డను నాకిస్తే నా ఒంట్లోకి మందు పోనివ్వను, నువ్వే నా వైద్యుడివి, అని. తెల్లారేసరికి పిల్ల కళ్ళు తెరిచి పాల కోసం ఏడ్చింది. ఆ సాక్ష్యం లీల ఎన్ని మందిరాల్లో చెప్పిందో! చెప్పిన ప్రతిసారీ చివర్లో జెరుషాను లేచి నిలబడమనేది. సిగ్గుతో చచ్చిపోతూ, జెరుషా తల వంచుకుని నిలబడేది. మొన్నటిదాకా ఊళ్ళో అమ్మమ్మ దగ్గర చదువుకున్న పిల్ల. నలుగురిలో నోరు విప్పడమే గగనం.

అలాంటి పిల్ల ఈ మధ్య ఒక పెద్ద పని చేసింది. బాత్రూమ్ అద్దం ముందు నిలబడి జర్మన్‌లో వాక్యం వల్లించుకుని వల్లించుకుని, ఆడవాళ్ళ డాక్టరుకు ఫోన్ చేసి టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, అడిగింది. మంగళవారం ఉదయానికి దొరికింది. తండ్రికి చెబితే, "మీ అమ్మ విశ్వాసం మీద చెయ్యి వెయ్యడం నావల్ల కాదు తల్లీ. తను ఒప్పుకుంటే మాత్రం ఆఫీసుకి లీవ్ పెడతా" అన్నాడు రూఫస్. ఆయన లాప్‌టాప్ బ్యాగులో తలనొప్పి మాత్రలుంటాయి. లీలకు తెలుసు. తెలియనట్టుంటుంది.

జెరుషా తల్లి కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చింది. అన్నం మానేసింది. చివరికి లీల ఒక దారి వెతికింది.

"చూపించుకోవడం మందు తినడం కాదుగా. ఏమిటో చూడమందాం. కానీ సహవాసంలో ఎవరికీ తెలియకూడదు జెరూ. తెలిసిందంటే, ఇక నేను అక్కడికి రాలేను. అందరి ముందూ సాక్ష్యం చెప్పిన నోరమ్మా ఇది."

ఆ మాట మీద జెరుషా బతుకుతోంది.

"చపాతీ పిండి కాదే అది, అరచేత్తో ఒత్తు" అంది లీల, స్టూలు మీద కూర్చుని. "జర్మన్ బడికెళ్ళి చేతులు కూడా మెత్తబడిపోయినట్టున్నాయి."

"నువ్వు మాట్లాడకూడదు. శనివారం."

"అబ్బో, నాకే నియమాలు చెబుతోంది!"

ఇద్దరూ నవ్వారు. నవ్వితే లీల చెయ్యి కదిలి నొప్పి పుట్టింది. పెదవి కొరుక్కుంది. జెరుషా కంగారులో నీళ్ళు సరిపోయాయో లేదో చూడలేదు. గుండ్రంగా ఒత్తి, పొంగకుండా ఫోర్కుతో గుచ్చి, ఓవెన్‌లో పెట్టింది. బయటికి తీసేసరికి రొట్టె మధ్యలో సన్నటి గీత. పగులు అనడానికి లేదు, వెంట్రుకలా ఉంది. లీల ఒకసారి చూసింది. తెల్లగుడ్డలో చుట్టేసింది.

సహవాసం వాళ్ళు ఒక జర్మన్ చర్చి హాలును ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకుంటారు. కోస్తా నుంచీ తెలంగాణ నుంచీ వచ్చిన ఉద్యోగస్థులు, చదువుకునే పిల్లలు వస్తారు. వాళ్ళకు పెద్ద హ్యారీ బ్రదర్, ఒక కార్ల విడిభాగాల కంపెనీలో ఇంజనీరు. గట్టిగా ఒక మాట అనడం ఎరగని మనిషి. ఆయన బల్ల దగ్గరికి వచ్చి, గుడ్డ విప్పి, కృతజ్ఞతలు చెప్పడానికి రొట్టెను రెండు చేతులతో పైకెత్తాడు.

రొట్టె ఆ గీత దగ్గర విరిగిపోయింది. సగం ఆయన చేతిలో ఉంది. సగం జారి బల్ల అంచుకు తగిలి కిందపడింది.

ప్రార్థన చెయ్యకముందే రొట్టె విరగడం ఆ హాల్లో ఇదివరకెప్పుడూ ఎవరూ చూడలేదు. హ్యారీ బ్రదర్ వంగి ముక్కను తీసి గుడ్డలో పెట్టాడు. ఎప్పుడూ రొట్టె విరిచే ముందు అడిగే మాటనే కాస్త తడబడుతూ అడిగాడు. "ఎవరి హృదయంలోనైనా ఏదైనా బరువుంటే, ఒకరితో ఒకరు సరిచేసుకోవాల్సిందేదైనా ఉంటే, ఇప్పుడే సరిచేసుకుందాం."

జెరుషా పక్కకు తిరిగి చూసింది. తల్లి ముఖంలో నెత్తుటి చుక్క లేదు. కళ్ళు నేల మీద రొట్టె పడ్డ చోటే ఉన్నాయి. ఆమె ఏమనుకుంటోందో జెరుషాకు పుస్తకంలో చదివినంత తేలిగ్గా అర్థమైంది. ఇది మంగళవారానికి వచ్చిన జవాబు అనుకుంటోంది. దేవుడు తన రొట్టెను తీసుకోలేదు అనుకుంటోంది.

ఒక్క క్షణం ఆగితే అమ్మ అలాగే అనుకుని స్థిరపడిపోతుంది. అది సూచన కాదని, తన చేతగానితనమని చెప్పెయ్యాలి. అంతకుమించి ఇంకేమీ తోచలేదు జెరుషాకు. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, ఎవరూ నిలబడమనకుండా నలుగురిలో లేచి నిలబడింది.

"రొట్టె నేను చేశానంకుల్. నీళ్ళు తక్కువ పోశాను, అందుకే పగిలింది. అమ్మ తప్పేం లేదు. అమ్మ చెయ్యి లేవట్లేదు."

చివరి మాట నోటినుంచి జారాక గానీ ఏం చేసిందో ఆమెకు తెలియలేదు.

"చెయ్యి లేవట్లేదా? ఏమైంది వదినా?" అంటూ హ్యారీ బ్రదర్ భార్య హైమావతి వెనక వరసలోంచి పరుగున వచ్చింది. ఆప్యాయంగా కుడిచెయ్యి పట్టుకోబోతే లీల కెవ్వుమంది. ఆ తర్వాత దాచడానికి ఏమీ మిగల్లేదు. హైమావతి కొంగు తొలగించి చూసింది. చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆడవాళ్ళంతా చుట్టూ చేరారు. ఎవరో ఏడవడం మొదలుపెట్టారు. హ్యారీ బ్రదర్ దగ్గరికొచ్చి మెల్లగా అన్నాడు.

"సిస్టర్, ఆస్పత్రికి వెళ్ళు. వెళితే నిన్ను తప్పుపట్టేవాళ్ళు ఇక్కడెవరూ లేరమ్మా. నేనే తీసుకెళ్తాను."

ఆయన అంత మాట అంటాడని జెరుషా అనుకోలేదు. అమ్మా, సరేనను. ఒక్కసారి తల ఊపు. చాలు.

లీల చుట్టూ ఉన్న ముఖాలను చూసింది. ఆమె సాక్ష్యం విని కళ్ళు తుడుచుకున్న ముఖాలవి. పిల్లలకు జ్వరమొస్తే ప్రార్థన చెయ్యమని ఆమెకు ఫోన్ చేసినవాళ్ళు. తర్వాత కూతురి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"లేదు బ్రదర్" అంది, వంగిన నడుము నిటారుగా చేసుకుంటూ. "నా బిడ్డను ఇచ్చిన రోజే నా వైద్యుడెవరో చెప్పాను. మాట మార్చుకోను."

"ఆమేన్" అన్నారెవరో. తర్వాత అందరూ అన్నారు. హైమావతి కళ్ళు ఒత్తుకుంటూ, "నీ విశ్వాసం ముందు నేనెంత వదినా! రోజూ షుగర్ మాత్రలు మింగుతూ కూర్చున్నాను, సిగ్గేస్తోంది" అంది. అందరూ లీల మీద చేతులుంచి ప్రార్థించారు. జెరుషా మీద కూడా ఎవరో చెయ్యేశారు. ఆ చెయ్యి వెచ్చగా, బరువుగా ఉంది.

మంగళవారం ఉదయం రూఫస్ కోటు వేసుకుని, కారు తాళాలు పట్టుకుని హాల్లో నిలబడ్డాడు. సహవాసం అయ్యాక ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తలేదు. అయినా ఆయన లీవ్ పెట్టాడు. జెరుషా బడి మానేసింది. లీల వంటింట్లో ఎడమచేత్తో కేకు పిండి గిలక్కొడుతోంది. పై అంతస్తు ముసలామె పుట్టినరోజట.

"అమ్మా, టైమవుతోంది."

"ఎక్కడికి?"

"చూపించుకోవడం మందు తినడం కాదన్నావుగా. నువ్వే అన్నావుగా!"

"అప్పుడది నీకూ నాకూ మధ్య మాట జెరూ. ఇప్పుడు అందరి ముందూ ఇచ్చిన మాట."

"లీలా" అన్నాడు రూఫస్ గుమ్మంలోంచి. "ఒక్కసారి వెళ్ళొద్దాం. ఎవరికీ చెప్పం."

"మీ బ్యాగులో మాత్రల గురించి నేనెవరికైనా చెప్పానాండీ? మీ విశ్వాసం మీది. నాది నన్ను మొయ్యనివ్వండి."

రూఫస్ తల దించుకున్నాడు. జెరుషా తల్లి చేతిలోంచి గరిట లాక్కుంది.

"నువ్వు లేకుండా పోతే నేనేం చెయ్యాలి?"

"నువ్వు బతికావు కదమ్మా. ఆయన మాట నిలబెట్టుకున్నాడు కదా."

"అయితే నేను బతక్కుండా ఉండాల్సింది! ఆ చాప మీదే పోయుంటే నువ్వు ఇవాళ డాక్టరు దగ్గరికి వెళ్ళేదానివి."

లీల కుడిచెయ్యి లేచింది. కొట్టడానికే లేచింది. నడుము దాకా వచ్చి, అక్కడ వణికి, ఆగిపోయి, దానంతటదే కిందికి దిగింది. ముగ్గురూ ఆ చేతినే చూశారు. జెరుషా చెంప చూపిస్తూ అలాగే నిలబడింది. ఆ దెబ్బ తగిలి ఉంటే ఎంత బాగుండేదో!

లీల ఎడమచేత్తో గరిట తిరిగి తీసుకుంది. "వాళ్ళు మనకోసం టైము పెట్టుకుని ఎదురుచూస్తుంటారు, పాపం. రావట్లేదని ఫోన్ చేసి చెప్పు."

రూఫస్ కోటు విప్పి కొక్కేనికి తగిలించాడు.

ఫోన్‌లో అవతలి అమ్మాయి మర్యాదగా మాట్లాడింది. ఫర్వాలేదంది. వేరే టెర్మిన్ ఇవ్వమంటారా అని అడిగింది. జెరుషా ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని తల్లి వైపు చూసింది. లీల ఓవెన్ తలుపు తీసి, వేడి సరిపోయిందో లేదో చూసుకుంటోంది. అవతలి అమ్మాయి రెండోసారి అడిగింది. వద్దనే మాట జర్మన్‌లో ఎంత చిన్నదో! జెరుషాకు అది అద్దం ముందు నేర్చుకోవాల్సిన పని లేకపోయింది.

శనివారం మళ్ళీ వచ్చింది. లీల తలస్నానానికి జెరుషాయే నీళ్ళు పోసింది, ముసుగు కట్టింది. హ్యారీ బ్రదర్ ఫోన్ చేసి, వచ్చే నెల బాప్తిస్మాలున్నాయి, జెరుషా సిద్ధంగా ఉంటే ఇక రొట్టె తన చేత్తోనే చెయ్యొచ్చు, అన్నాడు. లీల ముఖం వెలిగిపోయింది. ఆ వారమంతా ఆ ముఖంలో అంత వెలుగు జెరుషా చూడలేదు.

"రా. ఈసారి నీళ్ళు చూసి పొయ్యి" అంది లీల, స్టూలు మీద కూర్చుంటూ. ఇప్పుడు గోడకు ఆనుకోకపోతే కూర్చోలేకపోతోంది. "ముందు పిండి మధ్యలో గుంట చెయ్యి. నూనె రెండు చుక్కలే. కలిపాక తడిగుడ్డ కప్పి కాసేపు వదిలెయ్. ఆగకుండా ఒత్తితే పగులుతుంది. గుర్తుపెట్టుకో. తర్వాత నన్నడగడానికి..."

జెరుషా గుంట చేసింది. నీళ్ళు పోసింది. అరచేత్తో ఒత్తుతూ ఉంటే పిండి నెమ్మదిగా సాగి, నునుపెక్కి, వేళ్ళకు అంటుకోవడం మానేసింది. ఇంక ఎవరూ మాట్లాడలేదు. గుమ్మం దగ్గర రూఫస్ నిలబడి, టీ కోసం సైగ కూడా చెయ్యకుండా వెళ్ళిపోయాడు.

ఓవెన్‌లోంచి తీసిన రొట్టె మీద లీల ఎడమచేతి వేళ్ళతో చుట్టూ తడిమి చూసింది. పైన, అంచున, కింద.

"ఒక్క పగులు కూడా లేదు" అంది తృప్తిగా. "నేర్చేసుకున్నావే."

జెరుషా రొట్టెను తెల్లగుడ్డలో చుట్టింది.