ముక్కు దిబ్బడ, విమానం టికెట్టు

మరమ్మతు కోసం ఓడ దారి మార్చుకుని మన రేవుకే వస్తోందని మొగుడు ఫోను చేసిన వారంలోనే ఆమెకు జలుబు పట్టుకుంది. రెండ్రోజుల్లో ముక్కు దిబ్బడేసి, ఆ నొప్పి కనుబొమల పైకీ బుగ్గల కిందికీ పాకి, చివరికి పై పళ్ళు కూడా పీకడం మొదలైంది.

మొగుడు సరుకుల ఓడలో ఇంజను మెకానిక్కు. తొమ్మిది నెలల ఒప్పందమని చెప్పి ఎక్కాడు. బదులు మనిషి దొరకలేదంటూ కంపెనీవాళ్ళు పొడిగిస్తూ పోయారు, ఏడాది దాటిపోయింది. ఇప్పుడు ఇంజన్లో ఏదో పంపు పాడైంది. కొత్తది వచ్చి బిగించేదాకా ఓడ కదలదు.

"పంపు వచ్చేదాకా నాకు పనేం లేదు. శుక్రవారం మధ్యాహ్నం నుంచి మర్నాడు పొద్దుటిదాకా బయటికి వదుల్తామన్నారు. రాగలవా?" అన్నాడు.

రాగలవా అని అడగడం చూడు! ఆమె ఆ మాట పూర్తిగా విననుకూడా లేదు, వస్తున్నానంది. రైల్లో వెళ్తే రాత్రీ పగలూ కూర్చోవాలి. శుక్రవారానికి అందాలంటే గురువారమే బయల్దేరాలి, దుకాణంలో అన్ని రోజులు సెలవు దొరకదు. విమానమైతే గంటన్నర. టికెట్టు కొనేసింది. ఆమె విమానం ఎక్కడం అదే మొదటిసారి.

ఆమె పనిచేసేది బట్టలు ఉతికి ఇస్త్రీ చేసి ఇచ్చే దుకాణంలో. ముందు గదిలో గల్లా, వెనక గదిలో ఆవిరి ఇస్త్రీ బల్లలు. బల్ల కింద మీట కాలితో తొక్కితే బుస్సుమని ఆవిరి లేస్తుంది. ఆ వారమంతా ఆమె చొక్కా పరిచినప్పుడల్లా అవసరం ఉన్నా లేకపోయినా మీట తొక్కి, మొహం ఆవిరిలో పెట్టి కాసేపు నిలబడేది. ఒక ముక్కు రంధ్రం కొంచెం తెరుచుకున్నట్టే ఉండి, తల వంచితే మళ్ళీ మూసుకుపోయేది.

"ఆ చొక్కా జనానిది, నీ ముక్కుకి కాపడం పెట్టుకునే గుడ్డ కాదు," అంది దుకాణం పెద్దావిడ. అంటూనే మొహంలోకి పరకాయించి చూసి, "ఏమిటే, కళ్ళ కింద అలా ఉబ్బిపోయింది? డాక్టరుకి చూపించుకో. ఈ మొహంతో వెళ్తే మీ ఆయన పోల్చుకోడు," అంది.

చెవి ముక్కు గొంతు డాక్టరు చిన్న టార్చి వేసి ముక్కులోకీ చెవుల్లోకీ చూశాడు. బుగ్గ మీద వేలితో నొక్కితే ఆమె కుర్చీలోంచి లేచినంత పనైంది.

"మన మొహం ఎముకల్లో చిన్న చిన్న గదులుంటాయమ్మా. వాటి తలుపులు ముక్కులోకి తెరుచుకుంటాయి. మీ తలుపులన్నీ వాచి మూసుకుపోయాయి. మందు రాస్తాను, వారం పదిరోజుల్లో సర్దుకుంటుంది."

"నేను ఎల్లుండి విమానం ఎక్కాలండీ."

ఆయన రాస్తున్నవాడల్లా కలం ఆపాడు. "ఎక్కడం కాదమ్మా, దిగడం గురించి ఆలోచించండి. విమానం కిందికి దిగుతుంటే బయట గాలి ఒత్తిడి పెరుగుతుంది. లోపల గదుల్లోకి గాలి పోవడానికి దారుండదు. మొహంలో మేకులు దిగేసినట్టుంటుంది. చెవిదీ అదే కథ. కర్ణభేరి చిరిగినా చిరగొచ్చు. వచ్చే వారానికి మార్చుకోండి."

"ఓడ ఆగదండీ."

ఏ ఓడ అని ఆయన అడిగాడు. ఆమె చెప్పింది. ఆయన మళ్ళీ రాయడం మొదలెట్టాడు. "నన్నడిగితే వద్దంటాను. వెళ్ళి తీరతానంటే దిగడానికి అరగంట ముందు ఈ చుక్కలు వేసుకోండి. నిద్రపోకండి, గుటకలు మింగుతూ ఉండండి. అయినా నేను పూచీ ఇవ్వను."

ఇంట్లో ఆడపడుచు ఉంటుంది. బడి బస్సు నడుపుతుంది. పొద్దస్తమానం పిల్లల గోల మధ్య స్టీరింగు తిప్పే మనిషి కాబట్టి ఏ మాటైనా అరిచినట్టే అంటుంది.

"ఇంకేం, మానెయ్ వదినా! అన్నయ్య ఎక్కడికి పోతాడు? రెండు నెలల్లో దిగడూ?"

"రెండు నెలలని ఆర్నెల్లుగా చెప్తున్నారు."

"చెవి పోతే మళ్ళీ వస్తుందా?"

అదీ నిజమే. పళ్ళ పోటుతో అన్నం నమలడమే కష్టంగా ఉంది, ఆకాశంలో ఆ నొప్పెలా ఓర్చుకుంటుంది? మానేద్దామనే అనుకుంది. ఆ సాయంత్రమే మొగుడికి ఆ సంగతి చెప్పేద్దామని వీడియో కాల్ చేసింది. ఎప్పట్లాగే బొమ్మ ఆగుతూ సాగుతూ వచ్చింది. వెనక ఇనప గోడ, దాని మీద ఆరేసిన తువ్వాలు.

"ముక్కుతో మాట్లాడుతున్నావేంటి? ఏడ్చావా?" అన్నాడు.

"నీకోసం ఏడ్చే తీరిక నాకెక్కడిది? జలుబు." డాక్టరు చెప్పిందంతా చెప్పింది.

"అయితే వద్దు. రావద్దులే," అన్నాడు వెంటనే. మరీ వెంటనే అన్నాడు. "టికెట్టు డబ్బులు వెనక్కిస్తారేమో చూస్తానుండు," అని ఫోను దగ్గరికి లాక్కుని, జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నాడు.

"అదేంటి మొహానికి?"

"కళ్ళజోడు."

"అది నాకూ కనపడుతోంది. ఎప్పటినుంచి?"

"చలికాలం ముందు అనుకుంటా. చత్వారమట. నీకు చెప్పలేదూ?"

"చెప్పలేదు."

"చెప్పాననుకున్నానే," అన్నాడతను. నిజంగానే ఆశ్చర్యపోతున్నాడు. అతని మొహం గళ్ళుగళ్ళుగా చెదిరి ఆగిపోయింది. ఆ కళ్ళజోడులో అతనెవరో బడి పంతులులా ఉన్నాడు.

మర్నాడు ఇస్త్రీ బల్ల దగ్గర ఆమె చెయ్యి చొక్కాల మీదే ఉంది కానీ మనసు అక్కడ లేదు. సంగీతం మేష్టారి కుడి భుజం వాలిపోతోందని ఆమెకు తెలుసు, కోటు చెప్తుంది. లాయరుగారికి పొట్ట పెరిగిందనీ, బ్యాంకాయన చిక్కిపోతున్నాడనీ తెలుసు. ముక్కూ మొహం తెలియని మగాళ్ళ సంగతులన్నీ బట్టల్ని బట్టి పోల్చగలదు. సొంత మొగుడికి చత్వారం వచ్చిందని మాత్రం తెలియదు. ఈ ఏడాదిలో అతనికి ఇంకేమేం వచ్చాయో, ఏమేం పోయాయో. రెండు నెలల తర్వాత, లేకపోతే ఆరు నెలల తర్వాత, దిగి ఇంటికి వచ్చేసరికి ఎవరినో కొత్తగా పరిచయం చేసుకోవాలేమో.

సాయంత్రం ఇంటికొచ్చి సంచీ సర్దడం మొదలెట్టింది. ఆడపడుచు గుమ్మంలో నిలబడి చూసింది.

"వెళ్తావన్నమాట."

"వెళ్తాను."

"చెవి?"

"రెండున్నాయిగా."

ఆడపడుచు నవ్వు ఆపుకుందామనుకుని ఆపుకోలేకపోయింది. మర్నాడు పొద్దున్న విమానాశ్రయం దాకా తనే దింపి, ఒకటికి నాలుగుసార్లు చుక్కల సీసా ఉందో లేదో అడిగింది.

పైకి లేచేటప్పుడు ఏమీ అనిపించలేదు. ఇంతేనా, డాక్టరు ఊరికే బెదరగొట్టాడనుకుంది. కిందికి దిగుతున్నామని చెప్పకముందే లెక్కగా చుక్కలు వేసుకుంది. ఎడమవైపు గొంతులోకి చేదుగా దిగాయి. కుడివైపు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. ఆ తర్వాత మొదలైంది. కుడి కనుబొమ మీద ఎవరో మేకు ఆన్చి, ఒక్కో దెబ్బే నిదానంగా కొడుతున్నట్టు. కళ్ళల్లోంచి నీళ్ళు వాటంతటవే కారిపోయాయి. గుటక మింగింది, ఆవలించింది, మళ్ళీ గుటక మింగింది. పక్క సీటు ముసలాయన ఏదో అడిగాడు. కుడి చెవిలో ఏదో చిట్లినట్టయి, ఎడమదీ మూసుకుపోయి, ఆ గొంతు నూతిలోంచి వచ్చినట్టు దూరమైపోయింది. ఆయన జేబులోంచి బిళ్ళ తీసి ఆమె అరచేతిలో పెట్టి, చప్పరించమన్నట్టు సైగ చేశాడు. విమానం నేల తాకిందని కుదుపుని బట్టి తెలుసుకుంది. చప్పుడు వినపడలేదు.

రేవు గేటు ముందు లారీలు వరసగా నిలబడి ఉన్నాయి. డ్రైవర్లు హారన్లు కొడుతూనే ఉండి ఉంటారు, ఆమెకు మాత్రం అంతా దూది చుట్టినట్టుగా ఉంది. అతను లోపలినుంచి నడిచి వచ్చాడు. చిక్కాడు. చెవుల దగ్గర జుట్టు నెరిసింది. ఎడమ మోకాలు వంచకుండా నడుస్తున్నాడు. ఆమె అన్నీ చూసుకుంది. దగ్గరికొచ్చి పెదాలు కదిపాడు.

"ఏంటీ?" అని గట్టిగా అరిచింది. గేటు కాపలావాడు తిరిగి చూశాడు.

అతను నవ్వి, ఆమె మొహం రెండు చేతుల్లోకీ తీసుకున్నాడు. గోళ్ళ చుట్టూ నూనె మరకలు. ఏడాదిగా ఆమె ఎదురుచూసింది ఆ గొంతు కోసం. మధ్యలో ఫోను లేకుండా, గరగరలు లేకుండా, పక్కనే కూర్చుని మామూలుగా మాట్లాడే ఆ గొంతు కోసం. అది ఇప్పుడు గోడకి అవతల ఎవరో గొణుగుతున్నట్టుంది.

గేటు ఎదురు వీధిలో ఒక గది తీసుకున్నారు. అతను మందుల కొట్టుకి పరిగెత్తి నొప్పి బిళ్ళలు తెచ్చాడు, వేణ్ణీళ్ళలో తువ్వాలు ముంచి కనుబొమల మీద వేశాడు. నొప్పి కాస్త నెమ్మదించాక సముద్రపు గట్టు మీద సిమెంటు బెంచీకి వెళ్ళి కూర్చున్నారు. ఎడమ చెవి దగ్గర అతను గట్టిగా చెప్తే కొన్ని మాటలు అందాయి. వంటవాడి గురించి, ఎలుకల గురించి. మోకాలి దెబ్బ మెట్ల మీంచి జారినప్పటిదట. తర్వాత అతను గొంతు తగ్గించాడు. బెంచీ చుట్టూ జనం ఉన్నారు, ఇది అరిచి చెప్పే మాట కాదేమో. నీళ్ళకేసి చూస్తూ చాలాసేపు చెప్పాడు. మధ్యలో జేబులోంచి కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ జేబులోనే పెట్టుకున్నాడు. ఆపి అడుగుదామనుకుంది. కానీ అతనలా మాట్లాడుతుంటే పక్కనుంచి ఆ మొహం చూడటమే ఆమెకు చాలనిపించింది. ఆపితే ఆ మొహం మారిపోతుందేమోనని భయమేసింది. చివరికి ఇటు తిరిగి ఒక్క మాట అడిగాడు. ఆ పెదాల కదలిక మాత్రం ఆమెకు తెలుసు. "సరేనా?"

"సరే," అంది.

అతను తలూపాడు. కాసేపు చెయ్యి పట్టుకుని, తర్వాత వదిలేశాడు. ఆ తర్వాత ఎందుకో ఎక్కువ మాట్లాడలేదు. అలసిపోయాడు కాబోలనుకుంది.

పొద్దున్నే అతను గేటు లోపలికి వెళ్ళిపోయాడు. వెనక్కి తిరిగి చూసి చెయ్యెత్తాడు. ఆ చెవితో మళ్ళీ విమానమెక్కే ధైర్యం ఆమెకు లేదు. పెద్దావిడ తిడితే తిట్టనీ అనుకుని, స్టేషన్‌కి వెళ్ళి రైలెక్కింది.

సాయంత్రమవుతుండగా ఆవలింత వచ్చి, ఎడమ చెవి టప్పున తెరుచుకుంది. ఒక్కసారిగా రైలంతా మీదపడ్డట్టయింది. చక్రాల మోత, పై బెర్తు మీద ఎవరిదో గురక, కిటికీ సీటు కోసం కొట్లాడుకుంటున్న ఇద్దరు పిల్లలు, వాళ్ళని కసురుతున్న తల్లి. అందరి గొంతులూ వినపడుతున్నాయి. నిన్న ఒక్క గంట ఇలా తెరుచుకుని ఉంటే ఏం పోయేదని ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అప్పుడే ఫోను మోగింది.

"పంపు బిగించేశాం, ఓడ కదుల్తోంది. కాసేపట్లో సిగ్నల్ పోతుంది," అన్నాడు. ఎడమ చెవికి ఫోను అదిమి పట్టుకుంది. "చెవి ఎలా ఉంది?"

"ఒకటి తెరుచుకుంది. ఇదిగో, నిన్న బెంచీ మీద ఏం అడిగావు?"

"ఏం అడగడమేంటి? సరే అన్నావుగా."

"వినపడలేదు."

"వినపడకుండానే సరే అన్నావా!"

"నువ్వు మాట్లాడుతుంటే బాగుంది. అందుకని అన్నాను. ఏం అడిగావో చెప్పు."

అతను గొంతు సవరించుకున్నాడు. "ఇంకో ఏడాది ఉంటే ఒక మెట్టు పైకెక్కిస్తామంటున్నారు. జీతం పెరుగుతుంది. లేదంటే ఈ సరుకు దింపిన రేవులో నేనూ దిగిపోవచ్చు, బదులు మనిషి దొరికాడట. ఉండనా, సరేనా అని అడిగాను."

ఏడాది. సరే అన్న మాట తన నోట్లోంచే వచ్చింది. ఆమెకు అతని మీద కోపం రాలేదు, తన మీదే వచ్చింది.

"కెప్టెనుకి చెప్పేశావా?"

"లేదు."

"ఎందుకు చెప్పలేదు?"

"ఏమో. పొద్దుట్నించీ రెండుసార్లు వెళ్ళొచ్చాను ఆయన గది దాకా." ఆగాడు. "నువ్వు అంత తొందరగా సరే అనేశావు. వద్దంటావనుకున్నాను. కనీసం పోట్లాడతావనుకున్నాను."

ఆమె నవ్విందో ఏడ్చిందో ఎదురుగా కూర్చున్న పిల్లలకి అర్థం కాక కొట్లాట ఆపేసి చూస్తున్నారు.

"వద్దు," అంది. "విను. వద్దు. దిగిపో. ఇంటికొచ్చెయ్."

గరగరమని చప్పుడు. "ఏంటీ? మళ్ళీ చెప్పు."

"వచ్చెయ్!" అని బోగీ అంతా ఉలిక్కిపడేలా అరిచింది.

"ఆఁ," అన్నాడతను. "వినపడింది. వస్తాను."

ఇంకా ఏదో అనబోయాడు. లైను తెగిపోయింది. ఆమె ఫోను చెవికి ఆనించుకునే కూర్చుంది. కిటికీ అవతల పొలాలు వెళ్ళిపోతున్నాయి. పిల్లల తల్లి జరిగి ఆమెకు కిటికీ పక్కన చోటిచ్చింది.