బీఫారంలో రెండో పేరు

"డమ్మీకి పట్టుసీరెందుకే? ఇప్పీసి నూలుసీర కట్టుకో" అంది మా అత్త తవిటమ్మ.

1999 నాటి మాట. మా ఆయన జగన్నాధం మొదటిసారి ఎమ్మెల్యేగా పోటీ చేస్తున్నారు. ఆయన నామినేషన్ ముందు రోజే అయిపోయింది, డప్పులతో, నలభై జీపులతో. మర్నాడు నా వంతు. నేనూ నామినేషనే కదా వేస్తున్నానని, పెళ్ళినాటి పట్టుచీర తీసి కట్టుకున్నాను. అత్త అన్న మాటతో లోపలికెళ్ళి విప్పేసి, మడత పెట్టి, నూలుచీర కట్టుకుని బయల్దేరాను. డప్పులు లేవు. డ్రైవరూ, నేనూ, ముందు సీట్లో ఎల్లాజీ. ఎల్లాజీ అంటే మా ఆయన వెనకాలే తిరిగే మనిషి, ఆయన తుమ్మితే జేబురుమాలు తీసే రకం.

డమ్మీ అంటే ఏమిటో తెలియని వాళ్ళకి చెప్పాలి. పార్టీ ఇచ్చే బీఫారంలో రెండు పేర్లకి చోటుంటుంది. మొదటి వరసలో అభ్యర్థి పేరు. ఒకవేళ ఆయన నామినేషన్ చెల్లకపోతే అదే గుర్తు మీద నిలబడడానికి రెండో వరసలో ఇంకొకరి పేరు. ఆ ఇంకొకరు నమ్మకస్తులై ఉండాలి. రేప్పొద్దున కుర్చీ నాదేనని మొండికెయ్యకూడదు. అందుకని మా వైపు నాయకులు చాలామంది అక్కడ పెళ్ళాం పేరు రాయిస్తారు. పరిశీలన రోజున ఎన్నికల అధికారి ఆయన కాగితం చెల్లిందనగానే నాది దానంతటదే చెల్లకుండా పోతుంది. 1999లో ఆయన గెలిచారు. 2004లో ఓడారు. 2009లో మళ్ళీ గెలిచారు. నేను మాత్రం మూడుసార్లూ తిరస్కరణకి గురయ్యాను. నా ఎన్నికల రికార్డు అది.

కాగితాలు నింపేది మాత్రం నేనే, ఆయనవీ, నావీ. డిగ్రీ చదివాను, దస్తూరి బాగుంటుంది. మిగతా రోజుల్లో నా పని వెనక వాకిట్లో. పొద్దున్నే అర్జీలు పట్టుకుని జనం వచ్చేవారు. ఆయన తొమ్మిదింటికి గానీ లేచేవారు కాదు. పొయ్యి మీద ఉప్మా కలుపుతూ ఒక్కొక్కరి గోడూ విని నోటుపుస్తకంలో రాసుకునేదాన్ని. ఏ పేటలో బోరింగు చెడింది, ఏ ముసలామెకి పింఛను ఆగింది. పదకొండు దాటాక ఆఫీసులకి నేనే ఫోన్లు చేసి "సార్ చెప్పమన్నారండీ" అనేదాన్ని. సార్ ఏమీ చెప్పలేదని నాకూ తెలుసు, చాలాసార్లు ఆ ఆఫీసర్లకీ తెలుసు. పనులు అయ్యేవి. సాయంత్రం ఆయన జీపెక్కి వెళ్ళి దండలు వేయించుకుని వచ్చేవారు. పుస్తకాలు పదిహేను నిండాయి. అవి ఎందుకు దాచానో నన్నడిగితే అప్పట్లో చెప్పలేకపోయేదాన్ని.

2014లో ఒక తమాషా జరిగింది. ఈసారి కాగితాలు సొంత దస్తూరీతో నింపితే కలిసొస్తుందని ఎవరో సిద్ధాంతి చెప్పాడట. మా ఆయన హాల్లో బల్ల ముందు కూర్చుని అఫిడవిట్ రాస్తున్నారు. నేను అరవై మందికి గారెల పిండి కలుపుతున్నాను.

"ఒసే రాజా, నీ పాన్ కార్డు ఎక్కడున్నాది?" అని కేకేశారు.

"బీరువాలో పై అరలో ఉందండీ. నా చేతులు పిండిలో ఉన్నాయి, కాస్త తీసుకోండి."

ఆయన లేవలేదు. కాసేపటికి ఇంకో మాట వినపడింది. "ఎల్లాజీ, ఇక్కడ భార్య వృత్తి అని ఉన్నాదిరా. మీ అమ్మగారు ఏటి సేస్తాదిరా?"

"ఏటి సేస్తారు బాబూ, ఇంటికాడే ఉంటారు గదా."

"అయితే ఖాళీగా ఒగ్గీ" అన్నారు మా ఆయన. ఇద్దరూ నవ్వుకున్నారు.

నేను గారెలు వేస్తూనే ఉన్నాను. ఒంట్లో సెగ పొయ్యిది కాదు. పదిహేనేళ్ళు, పదిహేను పుస్తకాలు, రోజూ పాతిక మంది, అరవై మందికి గారెలు. ఇదంతా కలిపితే ఒక గడిలో రాయడానికి మాట లేదా? నా కాగితాల్లో నేను మాత్రం అన్ని గళ్ళూ నింపాను. ఆయన వృత్తి, ఆయన పాన్ నంబరు, అన్నీ. ఆయనవి నాకు నోటికి వచ్చు.

నామినేషన్లు వేసిన మర్నాడు ఆయన చొక్కా ఉతుక్కి వేస్తుంటే జేబులో ఒక నోటీసు దొరికింది. ఖాళీగా వదిలిన గళ్ళు నింపి, పరిశీలన మొదలయ్యేలోగా కొత్త అఫిడవిట్ ఇవ్వాలని ఎన్నికల అధికారి రాశాడు. ఆ కాగితం తీసుకెళ్ళి ఆయన చేతిలోనే పెట్టాను.

"రెండు గళ్ళూ నావేనండీ. ఇప్పుడే రాసి పంపండి. ఈమధ్య రూలు మారిందట, ఖాళీలుంటే కొట్టేస్తారట."

"నీ నంబరు లేపోతే నా నామినేషను కొట్టేస్తాడేటి? రెండుసార్లు గెలిసినోణ్ణి. ఆడు నిన్నగాక మొన్నొచ్చినోడు. నువ్వెళ్ళి టిఫిన్లు సూడు."

చూశాను. చెప్పవలసింది చెప్పాను కాబట్టి మనసులో ఏ మూలా బరువు లేదు.

పరిశీలన రోజు చేటలో కందిపప్పు ఏరుతుంటే మా లాయరు విక్టర్ ఫోన్ చేశాడు. "అమ్మా, సార్‌ది కొట్టేశారు. మీది చెల్లింది. పార్టీ గుర్తు మీకొచ్చింది."

"ఎందుకు కొట్టేశారు బాబూ?"

"మీ గళ్ళు ఖాళీగా వదిలేశారమ్మా" అన్నాడు, తప్పు తనదైనట్టు మెల్లగా.

నాకు నవ్వొచ్చింది. ఆపుకోలేదు. వంటింట్లో ఒక్కదాన్నే, చేట ఒళ్ళో పెట్టుకుని, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వాను.

ఆయన ఇంటికొచ్చి చెప్పింది ఒక్కటే. "పేరు నీది, పని నాది. నువ్వు దండం పెట్టు, నవ్వు. మాటాడకు." ఫ్లెక్సీల మీద ఆయన బొమ్మ తలుపంత, నాది తపాలా బిళ్ళంత. ఆయన మైకు పట్టుకుని మాట్లాడుతుంటే ఆడవాళ్ళు మెల్లగా జీపు వెనక్కి, నా దగ్గరికి వచ్చేవారు. లక్ష్మణమ్మ అని ఒక ముసలామె ఉంది, రెండేళ్ళు ఆగిన పింఛను నా ఫోన్లతో వచ్చింది. నా గడ్డం పట్టుకుని, "ఇన్నాళ్ళూ ఎనకవాకిట్లో రాసుకునేదానివి, ఇయ్యాలకి ముందుకొచ్చేవా అమ్మా" అంది. 2009లో ఆయన మెజారిటీ పదకొండు వందల నలభై. ఈసారి నేను గెలిచింది తొమ్మిది వేల మూడొందల పన్నెండుతో. ఫలితాల రోజున మా అత్త నా చెయ్యి పట్టుకుని, "ఇన్నేళ్ళూ ఆడు ఎయ్యమంటే ఏసేను. ఈపాలి నాకు నచ్చి ఏసేనే" అంది. ఆవిడ నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.

అయినా ఊళ్ళో నన్ను డమ్మీ ఎమ్మెల్యే అనేవారు. నా ఆఫీసులో పెద్ద కుర్చీ ఒకటే ఉండేది, అందులో ఆయన కూర్చునేవారు. నేను పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూపించిన చోట సంతకం పెట్టేదాన్ని. సిగ్గుతో చెబుతున్నాను, అయిదు నెలలు అలాగే గడిపాను.

అక్టోబరులో హుద్‌హుద్ తుఫాను వచ్చింది. కొబ్బరిచెట్లు పడిపోయాయి, కప్పులు లేచిపోయాయి, కరెంటు లేదు. ఆయన రోడ్లు బాగయ్యాక వెళ్దామన్నారు. నేను ఎల్లాజీని బండి తియ్యమని, పడిన చెట్ల మధ్య నుంచి మండలాఫీసుకి చేరాను. దెబ్బతిన్న ఇళ్ళ జాబితా బల్ల మీద ఉంది. అధికారి లేచి నమస్కారం పెట్టి, "సార్ వచ్చాక ఫైనల్ చేద్దామమ్మా" అన్నాడు.

"ఏ సారండీ?"

"మన... సార్."

"ఈ నియోజకవర్గానికి ఎమ్మెల్యే ఎవరండీ?"

గుమస్తాలు తలలెత్తి చూశారు. పెద్ద కుర్చీ ఒకటుంటే లాక్కుని కూర్చున్నాను. "జాబితా ఇలా ఇవ్వండి" అన్నాను. నా నోటుపుస్తకం పక్కన పెట్టుకుని పేట పేటా సరిచూస్తే, కొండకింద గూడెం మొత్తం అందులో లేదు. నలభై మూడు ఇళ్ళు. ఒక్కొక్క ఇంటిపేరూ నేను చెబుతుంటే గుమస్తా రాసుకున్నాడు. మధ్యాహ్నానికి మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డారు. కుర్చీ కోసం చూశారు. నేను లేవలేదు. ఆయన వెళ్ళి బయట బల్ల మీద ఎల్లాజీ పక్కన కూర్చున్నారు. ఆ రోజు నుంచి "సార్ చెప్పమన్నారు" అనే మాట నా నోట రాలేదు.

2019 ఎన్నికలొచ్చాయి. ఆయన పెరుగన్నం కలుపుకుంటూ చెప్పారు. "అయిదేళ్ళు ఆడుకున్నావు, సాలు. ఈపాలి మొదటి వరస నాది, రెండోది నీది, ఎప్పట్లాగే." అడగలేదు, చెప్పారు. నేను ఆయనకి ఇంకాస్త పెరుగు వేశాను. రెండు రోజుల తర్వాత నోటుపుస్తకాలు సంచిలో సర్దుకుని, విజయనగరంలో ఒక్కదాన్నే రైలెక్కి, విజయవాడలో పార్టీ ఆఫీసుకి వెళ్ళాను. పుస్తకాలు అప్పటికి ఇరవై రెండయ్యాయి. జీవితంలో మొదటిసారి ఆయనకి చెప్పకుండా ఊరు దాటాను.

అక్కడి పెద్దాయన, "జగన్నాధం గారు పంపించారామ్మా?" అన్నారు.

"లేదండీ. నేనే వచ్చాను, నా సీటు అడగడానికి" అని పుస్తకాలు ఆయన బల్ల మీద పేర్చాను. ఒకటి తీసి పావుగంట చదివారు. ఇంకోటి తీశారు. చివరికి "చూద్దామమ్మా" అన్నారు. వచ్చేముందు ఇంకొక్క మాట చెప్పి వచ్చాను.

నామినేషన్ రోజు పొద్దున్న మా ఆయన జరీ అంచు పట్టుపంచె కట్టుకుని సిద్ధమయ్యారు. వీధిలో డప్పులు మొదలయ్యాయి. ఎల్లాజీ బీఫారం కవరు తెచ్చి, ఎవరికివ్వాలో తెలియక మా ఇద్దరి మధ్య నిలబడ్డాడు. మా ఆయన లాక్కుని చింపి చదివారు. అక్కడే కుర్చీలో కూలబడ్డారు.

"మొదటి పేరు నీదేటి? రెండోది... నా పేరు ఎవుడు రాయించేడు?"

"నేనే రాయించాను. రెండో వరసలో నమ్మకస్తుల పేరుండాలి కదండీ."

ఆయన కాగితాలు తెచ్చి ముందు పెట్టాను. "అన్ని గళ్ళూ నింపాను. భార్య వృత్తి దగ్గర శాసనసభ్యురాలు అని రాశాను. మీ సంతకం ఒక్కటే మిగిలింది."

ఆయన ఆ గడి చదువుకున్నారు. తర్వాత కలం తీసుకుని సంతకం పెట్టారు. ఆ ఎన్నికలో పదహారు వేల పైచిలుకుతో గెలిచాను. అయిదు నామినేషన్లు, మూడు తిరస్కరణలు, రెండు గెలుపులు. కానీ నాకు మెజారిటీ కన్నా ఆ పొద్దుటి పూటే బాగా గుర్తుంది. నేను పెళ్ళినాటి పట్టుచీర కుచ్చిళ్ళు సర్దుకుంటున్నాను. ఎనభయ్యో పడిలో ఉన్న మా అత్త మంచం మీంచి మా ఇద్దర్నీ కిందికీ పైకీ చూసి, కొడుకుతో అంది.

"డమ్మీకి పట్టుపంచెందుకురా? ఇప్పీసి నూలుది కట్టుకో."