ఏడో నంబరు టేపు

బీరువాకు తాళం వేసింది వేసినట్టే ఉంది గాని, లోపల పది టేపుల్లో ఏడోది లేదు.

స్వర్ణలత అట్టపెట్టెల వెనక చెయ్యి పెట్టి తడిమింది. దుమ్ము తప్ప ఏమీ తగల్లేదు.

నాచారంలో మూతపడ్డ ఫ్యాక్టరీ షెడ్డు అది. ఉప్పల్ కాలేజీ పిల్ల ఒకతె స్నేహితులను వెంటేసుకుని వారానికో రాకాసిని వేటాడే సీరియల్ ఆ 2007 ఎండాకాలమంతా అక్కడే తీస్తున్నారు. ఈ వారం రాకాసి చేతిలో స్నేహితురాలు చచ్చిపోతుంది. ఆ చావు ఉన్నది ఏడో టేపులోనే. సాయంత్రం నాలుగింటికల్లా అది ఛానెల్‌కు చేరాలి.

"తాళం నీ దగ్గర, రిజిస్టరు నీ దగ్గర," అన్నాడు డైరెక్టర్ ఉమామహేశ్వర్. "మన రాకాసి వచ్చి మింగేసిందంటావా?"

"నేను తీయలే సార్."

"అవతలి ఛానెల్‌కు అందించావేమో, ఎవరికి తెలుసు? నాలుగింటికల్లా దొరక్కపోతే దొంగవని యూనియన్‌కు రాసిస్తాను. ఆ తర్వాత నీచేత క్లాప్ కొట్టించేవాడు కూడా ఉండడు."

మూడేళ్లు క్లాప్ కొట్టి, మొన్న మొన్ననే అసిస్టెంట్ డైరెక్టర్ అయిన మనిషి ఆమె. ఏడవడానికి టైం లేదు. దొంగయితే పదీ పట్టుకుపోతాడు కదా, ఈ ఒక్కదానితో ఎవరికి పని?

రిజిస్టరు తెరిచింది. చావు సీను తీశాక ఆ వేషం వేసినవాళ్లు కెమెరాకేసి ఒకసారి నవ్వాలి. కీడు పోవడానికి తీసే షాటు అది, ఏ యూనిట్లోనూ మానరు. నిన్నటి పేజీలో ఆ గడి ఖాళీగా ఉంది. మూడుసార్లు అడిగినా, స్నేహితురాలి వేషం వేసిన త్రిపురసుందరి నవ్వలేదు. మొహం తిప్పుకుని వెళ్లిపోయింది. పాత్రలో మునిగిపోయిందని అందరూ మెచ్చుకున్నారు, స్వర్ణలతతో సహా.

మేడిపల్లిలో వాళ్లింటికి ఫోన్ చేసింది. తల్లి కౌసల్యమ్మ ఎత్తింది.

"పిల్ల మాట్లాడదమ్మా. గొంతు పోయింది. మెడంతా కమిలింది. దవాఖానకు పోదామంటే ఒద్దని తల ఊపుతది. ఏం షూటింగమ్మా మీది?"

స్వర్ణలత ఫోన్ పెట్టేసింది. నిన్న సీనులో ఆ మెడ పట్టుకున్నవాడు ఒక్కడే. ప్యాకప్ అయ్యాక బ్యాటరీలు బీరువాలో పెట్టి రమ్మని తాళం ఇచ్చింది కూడా అతనికే.

దుర్గేష్ షెడ్డు వెనక నీడలో రబ్బరు తొడుగు సగం వేసుకుని కూర్చున్నాడు. నడుము దాకా రాకాసి, పైన బక్కపలచని మనిషి. సీరియల్లో రాకాసులన్నీ అతనే. ఆమెను చూసి లేవబోయాడు.

"కూసో. చాయ్ తాగినవా?"

"తాగిన అక్క."

"త్రిపుర వాళ్లమ్మతోటి మాట్లాడిన."

అతను తల దించుకున్నాడు. "నిన్ను దొంగ అంటున్నరట గదా," అన్నాడు.

"అంటున్నరు. నాలుగైతే రాసి గూడ ఇస్తరు."

"నేనే తీసిన అక్క. నా టిఫిన్ సంచిల ఉంది, తీస్కపో. సార్‌కు నా పేరే చెప్పు. కాలవెడ్దామనుకున్న, చెయ్యి రాలే. గొంతు మీద పట్టు గట్టిగైతే ఆమె నా మోచెయ్యి మీద రెండుసార్లు కొట్టాలె, నేను ఇడిసిపెట్టాలె. గట్లనే అనుకున్నం. ఆమె కొట్టింది. రబ్బరు మందం, నాకు తెల్వలే అని చెప్తే మీరందరు నమ్ముతరు. కానీ నాకు తెలిసింది. రెండుసార్లు గాదు, మస్తుసార్లు కొట్టింది. సార్ కట్ అనలే. కెమెరా దగ్గరికొస్తున్నది. ఇన్ని వారాలు నన్ను చంపుడే గాని, నన్ను చూసి ఒక్కలు భయపడలే. ఇంక జర సేపు పట్టుదాం, సీను మంచిగొస్తది అనుకున్న. ఇడిసినంక అందరు చప్పట్లు కొట్టిన్రు. నేను మాస్కు తీసి నవ్విన గూడ. అప్పుడు ఆమె నా దిక్కు చూసింది. రేపు ఇంటింట్ల టీవీ ముంగట కూసొని, పిల్ల ఎంత మంచిగ చేసింది అంటరు. ఆమెది యాక్టింగ్ గాదక్క. నాది గూడ గాదు."