పచ్చ వెలుగును మాడ్చిన దీపం

భార్గవి పనిచేసేది ప్రొద్దుటూరులోని ఒక ప్రైవేటు పరిశోధన కేంద్రంలో. చీనీ, అంటే బత్తాయి, చెట్ల వేళ్లను కుళ్లబెట్టే బూజు వేరులోకి ఎక్కడ చొరబడుతుందో కనిపెట్టడం ఆమె పని. పులివెందుల దగ్గర వాళ్ల నాయన నారాయణ తోటను ఆ తెగులే ఎండబెట్టింది. అందుకే ఆ పని ఆమెకు కేవలం జీతం కోసం చేసేది కాదు.

బూజులోని ఒక ప్రోటీన్‌కు, జెల్లీచేప నుంచి వచ్చిన మెరిసే ప్రోటీన్‌ను తోకలా అతికించింది. నీలికాంతి పడితే అది పచ్చగా వెలగాలి. వెలిగింది. కానీ ఫొటో తీసేలోపే ఆరిపోయింది. ఇంకో స్లైడు పెట్టింది. అదీ అంతే.

"నీ అతుకే సరిగా పడల్యా. ప్రోటీన్ నిలబడటంల్యా," అన్నాడు కేంద్రం డైరెక్టరు దక్షిణామూర్తి. కేంద్రానికి డబ్బిచ్చే ట్రస్టుకు రిపోర్టు కూడా అలాగే పంపేశాడు.

భార్గవికి నమ్మబుద్ధి కాలేదు. ఒకే నమూనాతో రెండు స్లైడ్లు చేసి, ఒకటి మైక్రోస్కోపు దీపం కింద పెట్టింది, రెండోది చీకటి పెట్టెలో దాచింది. దీపం కిందది చూస్తుండగానే వెలవెలబోయింది. పెట్టెలోది సాయంత్రం తీసి చూసినా నిండుగా వెలిగింది. అంటే ప్రోటీన్ మంచిదే. దీపం కాంతే దాన్ని మాడుస్తోంది.

కాంతిని తగ్గించబోతే తగ్గలేదు. దీపానికి అడ్డంగా ఉండాల్సిన మసక అద్దం అక్కడ లేదు.

"నేనే తీసినా మేడం," అన్నాడు యంత్రాలు చూసుకునే ఇమ్తియాజ్. "జమ్మలమడుగు నుంచి ట్రస్టు పెద్దోళ్లు వచ్చినారు గదా, వాళ్లకు ధగధగా కనపడల్లని సారే తీయమన్నాడు. మళ్లా పెట్టమని ఎవురూ చెప్పల్యా."

అద్దం పెట్టించి, కాంతిని బాగా తగ్గించి, కెమెరాకు ఎక్కువ సమయం ఇచ్చింది. ఫొటో తీసేటప్పుడు మాత్రమే నీలికాంతిని వదిలింది. ఈసారి పచ్చటి బూజు పోగులు వేరు కొన పక్కనున్న సందులోంచి లోపలికి పాకడం స్పష్టంగా కనిపించింది. వెంటనే నాయనకు ఫోన్ చేసింది.

"కనపడింది నాయనా! యాడ దూరుతాందో నా కండ్లతో చూసినా!"

మరుసటి రోజు దక్షిణామూర్తి ఆ ఫొటోలను చాలాసేపు చూశాడు.

"శానా బాగుండాయి. కానీ రిపోర్టు పోయింది కదమ్మా. ట్రస్టోళ్లు ప్రాజెక్టు మూసేయమన్నారు."

"అద్దం లేకపోవడంతోనే అట్లయిందని రాద్దాం సార్."

"తీయించిందెవురని అడిగితే? నా పేరు నన్నే రాసుకోమంటాండావా?" ఆయన గొంతు పెంచలేదు.

బయట వరండాలో ఇమ్తియాజ్ తల దించుకున్నాడు. "నన్ను సాక్షానికి పిలవద్దు మేడం. నా కొలువు పోతాది."

ప్రాజెక్టు లేనిదే జన్యువు మార్చిన బూజును ఉంచుకోకూడదు. దాన్ని చంపే పని భార్గవి ఇంకొకరి చేతికి ఇవ్వలేదు. బూజు పెంచిన ప్లేట్లన్నీ తనే ఆవిరి యంత్రంలో పెట్టి, మూత బిగించి, అవి ఉడికేదాకా అక్కడే నిలబడింది.

ఆ ఆదివారం ఇంటికి పోయి జరిగిందంతా చెప్పింది. నారాయణ మధ్యలో ఆపకుండా విన్నాడు.

"నీకు కనపడింది గదా పాపా. మరి లేదని యాల రాసినారు?"

"వాళ్ల తప్పు బయటపడతాదని."

"నువ్వు ఊరకుండిపోయినావా?"

జవాబు కోసం ఆయన ఆగలేదు. పైగుడ్డ దులిపి భుజాన వేసుకుని, కూతురి ముఖం చూడకుండానే బయటికి నడిచాడు.